నాట్ల కాలంలో పెట్టిన ఫుట్‌బాల్ లీగ్

ఈ మధ్య పేపర్లో ఒక వార్త చదివాను. ఎక్కడో మహాసముద్రంలో చెదిరి ఉన్న చిన్న చిన్న దీవి దేశాలన్నీ కలిసి, ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టాయట. ఒక జట్టు ఊరి నుంచి ఇంకో జట్టు ఊరికి పోవాలంటే విమానం ఎక్కాలట. మధ్యలో అంతా నీళ్లేనట. ఇలాంటి సాహసం ఇదివరకు ఎవరూ చేయలేదని ఆ వార్త రాసిన పిల్లవాడు తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. చేశామయ్యా. బస్తర్‌లో చేశాం. విమానం లేకుండా చేశాం. లారీ, ట్రాక్టరు, దోనె, ఆఖరికి ఎవరి కాళ్లు వాళ్లవి. వానాకాలంలో బచేలి నుంచి కిష్టారం దాకా ఒక జట్టును, దాని సామాన్లను, దాని కోపాలను వెంటబెట్టుకుని పోయి రమ్మనండి ఆ బాబును. వాగు పొంగితే మా వైపు ప్రతి ఊరూ ఒక దీవే. సముద్రంలో దీవులు కనీసం ఎక్కడివక్కడ ఉంటాయి. మా దారులైతే పొద్దున ఉన్నవి సాయంత్రానికి ఉండేవి కావు.

ఆటల నిర్వహణ అని ఇప్పుడు ఒక చదువు వచ్చింది. అది చదివిన పిల్లలు నా దగ్గరకు వచ్చి, "తాతా, లీగ్ ఎట్లా నడపాలి?" అని అడుగుతున్నారు. నేను బడికి పోయింది తక్కువ. లారీ యార్డులో టైర్లు విప్పుతూ, పాత పేపర్లు కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను. మైలురాళ్ల మీద హిందీ నేర్చుకున్నాను. ఆట నిబంధనల ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక వానాకాలమంతా నమిలాను. ఆ తరువాత ఓపిక ఉన్నంత కాలం లీగ్ కార్యదర్శి జీతంతోనే బతికాను. ఎవరు ఎవరికి దండ వేశారో, ఏ ఆఫీసు ఏ కాగితం అడిగిందో ఇక్కడ రాయను. మొదటి ఏడాది సంగతి రాస్తాను. ఈ ఉద్యోగంలో నేర్చుకోవలసింది చాలావరకు ఆ ఏడాదే నా నెత్తిన పడింది.

సుబ్బరాజు గారు

మా లీగ్‌కు అధ్యక్షుడు, మా జట్టుకు యజమాని, నాకు బాస్ ఒక్కడే. సుబ్బరాజు గారని, ఖనిజం మోసే లారీల ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు. గోదావరి జిల్లా మనిషి. కొండ మీద గనులు జోరుగా నడిచే రోజులవి. ఎర్ర దుమ్ము చొక్కాల మీద, చెట్ల మీద, అన్నం మీద ఒకే తీరుగా పడేది. వానలు మొదలైతే మాత్రం ఆయన లారీలు దారుల్లో దిగబడి ఆగిపోయేవి. డ్రైవర్లూ క్లీనర్లూ యార్డులో పేకాడుతూ, గెలిచినవాడు ఓడినవాణ్ణి కొడుతూ, ఓడినవాడు గెలిచినవాణ్ణి కొడుతూ కాలం గడిపేవాళ్లు.

"సోమయ్యా, వీళ్లకేదైనా పని పెట్టకపోతే నా యార్డు తగలబెట్టేత్తారయ్యా," అన్నాడు ఒకరోజు.

"పెడదామండీ. పేకాట తప్ప ఏదైనా."

"ఫుట్‌బాల్ పెడదాం. ఉత్తినే కాదు, జీతాలిచ్చి. మనదొక జట్టు, బీజాపూర్లో ఒకటి, కోంటలో ఒకటి, కిష్టారం వైపు ఒకటి. అక్కడి వ్యాపారస్తులు నాకు తెలుసు, వాళ్లని ఒప్పిత్తాను. ఒకళ్ల ఊరెళ్లి ఒకళ్లు ఆడాలి."

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే. వానాకాలం. అందరూ ఖాళీయే కదా."

అందరూ అట. లారీ వాళ్లకు చేతులు ఖాళీ అయ్యే కాలమే సేద్యగాళ్లకు ఊపిరాడని కాలం. దున్నకం, గట్లు, నారు, నాట్లు. ఆయనా రైతు బిడ్డే. కానీ ఏళ్ల తరబడి డీజిల్ వాసన పీల్చి పీల్చి, వానంటే లారీ ఆగిపోవడం అనే అర్థం తప్ప ఇంకో అర్థం ఉందని మరిచిపోయాడు. నేను చెప్పాను. "నువ్వన్నిటికీ అడ్డమే," అన్నాడు. ఈ ఉద్యోగంలో ఆ మాట నాకు ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. పిల్లలూ, అది పడినప్పుడల్లా మీరు సరైన దారిలోనే ఉన్నారని అనుకోండి.

సంత రోజు ఆట

ఒక్క విషయంలో మాత్రం నా మాట విన్నాడు. ఆటలు ఆదివారం పెడదామన్నాడు. ఆదివారం అనేది క్వార్టర్లలో ఉండేవాళ్ల సంగతి, అడవి ఊళ్లకు సంత రోజే రోజు అన్నాను. అట్లా ఏ ఊరి సంత ఏ వారమో ఆ ఊరి ఆట ఆ వారం అయింది. ఉప్పుకు, నూనెకు వచ్చిన జనమే మా ప్రేక్షకులు. టికెట్టు లేదు, కుర్చీ లేదు. ఎవరి గంప వాళ్లు బోర్లించుకుని కూర్చునేవాళ్లు.

మా పోటీ ఏ ఇతర లీగ్‌తోనూ కాదు, కోడిపందేలతో. అవి మొదలైతే మైదానంలో రెండు జట్లు, రిఫరీ, నేనూ మిగిలేవాళ్లం. ఒకసారి గోలు కాసే మా గోలీ కూడా పోయాడు. అందుకని కోళ్ల వాళ్లతో ఒప్పందం చేసుకున్నాను. చివరి కోడి పడ్డాకే మా విజిల్.

రిఫరీ బీజాపూర్‌లో బడి పంతులు. మొదటి ఆటలోనే ఆఫ్‌సైడ్ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో హిందీలో చెప్పాడు. అర్థం కాలేదన్నారు. హల్బీలో చెప్పాడు, గోండీలో చెప్పాడు, మా కోసం తెలుగులో చెప్పాడు. నాలుగో భాష పూర్తయ్యేసరికి సగం ఆట సమయం అయిపోయింది. ఆ తరువాత ఆయన ఆఫ్‌సైడ్ ఇవ్వడమే మానేశాడు. ఆటకు ఏమీ నష్టం రాలేదు.

మీ కంప్యూటర్లో తయారయ్యే షెడ్యూళ్లు మంచివే. కానీ ముందు ఆ ఊరి సంత ఎప్పుడో, కోళ్లు ఎన్నింటికి దిగుతాయో అడగండి.

ఉప్పు మూట దించని మనిషి

కోంట సంతలో మా ఆట జరుగుతోంది. బంతి గీత దాటి జనంలోకి పోయింది. భుజం మీద ఉప్పు మూటతో పోతున్న ఒక పడుచువాడు, మూట దించకుండానే, నిలబడ్డ చోటు నుంచే కాలితో ఒక్కటిచ్చాడు. బంతి మా అందరి నెత్తుల మీదుగా పోయి గోల్లో పడింది. వాడు వెనక్కి తిరిగి చూడకుండా నడిచి పోతున్నాడు. సుబ్బరాజు గారు పంచె ఎత్తి పట్టుకుని వాడి వెనక పరుగెత్తడం నేను కళ్లారా చూశాను.

వాడి పేరు జోగ. మా జట్టులో చేరాడు. నెల తిరక్కముందే, ఉల్లిగడ్డలమ్మే ఆడవాళ్లు కూడా వాడు బంతి అందుకోగానే తక్కెడ వదిలేసి లేచి నిలబడే దాకా వచ్చింది వ్యవహారం. సుబ్బరాజు గారు ఆనందంలో వాడికి బూట్లు కొన్నాడు. వాడు వాటిని తాడు కట్టి మెడలో వేసుకుని ఒట్టి కాళ్లతో ఆడాడు.

ఒకరోజు గొడుగు పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో ఒక పెద్దాయన యార్డుకు వచ్చాడు. కిష్టారం అవతలి ఊరి రైతు ముత్తయ్య.

"ఈడ ఫుట్‌బాల్ ఠేకేదారు ఎవరు?"

"నేనేనండి. రండి, కూచోండి," అన్నాడు సుబ్బరాజు గారు.

"కూసోను. నా మనిషి నీ కాడ ఉన్నడంట. జోగ. వాని కాళ్లు నా మడిల ఉండాల. నీ మైదానంల వానికేం పని?"

సుబ్బరాజు గారు ఠేకేదారు కదా, చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. ముత్తయ్య గొడుగు ముడిచి దాని కొనతో ఆ చెయ్యి మీద తట్టాడు.

"పైసలు లోపల పెట్టుకో. పైసలతోని అయ్యేదైతే కూలోళ్లను నేనే పెట్టుకుందును. కూలోనికి బిడ్డనిస్తరా ఎవరన్న?"

సంగతేమిటంటే, జోగ ఆ ఇంట్లో లమ్సేన. పిల్లను అడిగినవాడు ముందు ఆమె తండ్రి ఇంట్లో ఉండి కొన్ని ఏళ్లు సేద్యం చేయాలి. పని నచ్చితే పెళ్లి. జోగ ఆ ఇంట్లో రెండు వానాకాలాలు గడిపాడు. ఇది ఆఖరిది. ముత్తయ్య చివరి మడి నాటు పడేదాకా నిలిస్తే ఆయన కూతురు సుక్కి వాడిది. మధ్యలో వదిలిపోతే వెనకటి చాకిరీ అంతా వాగులో కలిసినట్టే. అప్పటికే చర్ల వైపు నుంచి ఒకడు కల్లుకుండ పట్టుకొచ్చి, పిల్లను అడిగి పోయాడని ముత్తయ్య చెప్పాడు.

జోగ లారీ వెనక నిలబడి అంతా వింటున్నాడు.

"ఏందిరా, ముందు చెప్పొద్దా?" అన్నాను.

"ఆట ఒక్క పూటేనంటిరి గదన్నా. పోయి రాను వారం పడతదని మీరు చెప్పొద్దా?"

నిజమే. ఆట ఒక పూట. దాని చుట్టూ ఉన్న దారి వారం. ఇప్పటికీ ఈ దేశంలో ఆటల లెక్కలు వేసే పెద్దమనుషులు ఆట నిడివినే రాస్తారు తప్ప ఆటగాడి ఇంటి నుంచి మైదానం దాకా ఉన్న దూరాన్ని రాయరు.

"ఇప్పుడు నీకేది కావాల్రా? ఆటా, పిల్లా?"

"రెండూ."

"రెండూ అంటే ఎట్లా కుదురుద్దిరా?"

"మీరు పెద్దోళ్లు గదా. కుదిర్చేది మీ పని," అన్నాడు.

లీగ్ కార్యదర్శి పని ఏమిటో నాకు అంత తేటగా ఎవరూ చెప్పలేదు, ఆ ముందూ ఆ వెనకా.

తమ్ముళ్లు

జోగను ముత్తయ్య వెంటనే తీసుకుపోయాడు. వెనకే నేనూ సుబ్బరాజు గారూ పోయాం. ముత్తయ్య వాకిట్లో సుక్కి నారు కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి పలకరించలేదు, వెళ్లిపోనూ లేదు.

"ముత్తన్నా, లమ్సేనకు జ్వరమొస్తే ఏం చేస్తరు మీరు?" అని అడిగాను. కట్టుబాట్లలో సందు వెతకాలంటే ముందు వాటిని నేర్చుకోవాలి. ఎగతాళి చేసేవాళ్లకు ఆ సందు ఎప్పుడూ కనపడదు.

"వాని తోడబుట్టినోళ్లు వచ్చి వాని బదులు చేస్తరు. ఆ దినాలు వానికే చెల్లుతయి."

"ఐతే తమ్ముళ్లను పంపుతం."

"వీనికి తమ్ములెక్కడియి? ఒక్కడే పుట్టె."

"మా జట్టంతా వీని తమ్ముళ్లే."

ముత్తయ్య నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "ఒక్క కుండల తిన్నరా?"

"తిన్నరు. కొట్టుకుని మరీ తిన్నరు."

"కొట్టుకున్నరా?" అని కాసేపు ఆలోచించాడు. "ఐతే తమ్ములే. రమ్మను. పని చూసి చెప్త."

అట్లా బచేలి లారీ జట్టు ముత్తయ్య మడిలో దిగింది. ఆట ఉన్న వారం జోగ మాతో వచ్చేవాడు, ఆటలోకి తీసుకోనివాళ్లూ బండ్లు లేని క్లీనర్లూ వాడి బదులు అక్కడ దిగేవాళ్లు. ఆ మహత్కార్యం సంగతి ఏం చెప్పమంటారు. మా గోలీ అరక పట్టి హార్న్ లేని లోటు నోటితో తీర్చాడు. ఎద్దులు కదల్లేదు. వాటికి ఆ ఇంటి గోండీ తప్ప తెలుగు రాదు, హిందీ అసలే రాదు. నాట్లు వేసిన క్లీనర్ల వెనక నారు లేచి తేలింది. ఊరి ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చూసి నవ్వలేక కూర్చున్నారు.

"ఇది నాటా, లేకుంటే మీ లారీ ఈడ బోల్తా పడ్డదా?" అంది సుక్కి. ఆమె మాతో మాట్లాడిన మొదటి మాట అదే.

గట్టు మీద గొడుగు కింద కుర్చీ వేసుకున్న సుబ్బరాజు గారికి ఆ మాట తగిలింది. లేచాడు. గడియారం తీసి నా చేతిలో పెట్టాడు. పంచె ఎగగట్టి మడిలో దిగాడు. నారు కట్ట విప్పి, వెనక్కి నడుస్తూ, నీటిలోకి వేళ్లు అలా పోనిచ్చి ఇలా తీస్తూ గట్టు నుంచి గట్టు దాకా నాటాడు. మొక్కలు నిలబడ్డాయి. ఆయన మాత్రం నడుము ఎత్తలేక అలాగే ఉండిపోయాడు.

"ఠేకేదారొక్కడు పనికొస్తడు," అన్నాడు ముత్తయ్య. "తక్కినోళ్లకు గట్లు ఏసే పని చెప్పుండి."

బాస్‌ల గురించి నన్నడిగితే ఇది చెబుతాను. తప్పు కాలంలో లీగ్ పెట్టిన మనిషే ఆయన. కానీ తన తప్పును కింది ఉద్యోగి నెత్తిన రుద్దకుండా, దాంట్లో మోకాళ్ల దాకా దిగాడు. తరువాత నేను చూసిన అధ్యక్షుల్లో చాలామంది తప్పు చేయలేదు. ఎందుకంటే వాళ్లు ఏమీ చేయలేదు.

కిష్టారం సంత

ఆఖరి ఆట కిష్టారం సంతలో, కిష్టారం జట్టుకూ మాకూ. కప్పు ఎవరిదో తేలేది అక్కడే. ముత్తయ్య ఊరు ఆ జట్టు కిందకే వస్తుంది. వాళ్ల గోలీ ముత్తయ్య కొడుకు, సుక్కికి అన్న, లచ్చయ్య.

ముందురోజు ముత్తయ్య వచ్చి జోగను తమ జట్టులో ఆడించాలన్నాడు. నేను నిబంధనల పుస్తకం చూపించాను. సంతకం చేసిన జట్టుకే ఆడాలన్నాను.

"ఆడనీ," అన్నాడు. "నా ఇంట్ల అన్నం తినేటోడు నా ఇంటి మీద గెలుస్తడేమో నేనూ చూస్త."

అది అందరికీ అర్థమైంది. దిగువ మడి ఒక్కటే మిగిలింది నాటడానికి. అంత దూరం వచ్చాక, లచ్చయ్య కాపలా ఉన్న గోల్లో జోగ బంతి వేస్తే పిల్ల చర్ల వైపు పోతుంది. సుబ్బరాజు గారు నన్ను పక్కకు పిలిచాడు.

"కూచోబెట్టేద్దామా వీణ్ణి? కాలు నొప్పని చెబుదాం."

"చెప్పచ్చండీ. రేపటి నుంచి సంతలో ఎవరు ఏ కాలు పట్టుకున్నా అబద్ధమే అంటారు మరి."

ఇంతలో సుక్కి వచ్చింది. తండ్రికి వినపడేటంత దూరంలోనే నిలబడి జోగతో అంది.

"నువ్వు కావాల్నని తప్పు కొడితే నాకు ఎరుకైతది. నారు కట్ట ఎటు ఇసిరితే ఎటు పడతదో రోజూ చూస్తున్న నీ చెయ్యి. కాలు తెల్వదా? కావాల్నని ఓడినోణ్ణి నేను చేసుకోను. మా అయ్య ఇచ్చినా చేసుకోను."

జోగ మెడలో బూట్లు తీసి నాకిచ్చాడు.

వాన ఆగకుండా పడుతోంది. మైదానమంతా చిత్తడి. గోలు స్తంభాలకు వాళ్లు చేపల వల కట్టారు. బంతి గుంటల్లో ఆగిపోతోంది, ఆటగాళ్లు ఆగడం లేదు. ఎవరికీ గోలు పడలేదు. ఆట అయిపోవస్తుండగా మా లెఫ్ట్ వైపు క్లీనర్ గుడ్డిగా కొట్టిన బంతి జోగ ముందు పడింది. వాడికీ లచ్చయ్యకూ మధ్య ఇంకెవరూ లేరు. సంత సంతంతా నిలబడింది. లచ్చయ్య రెండు చేతులూ చాపి ముందుకు దూకాడు. జోగ బంతిని వాడి చేతుల కింద నుంచి ఈడ్చుకుని పక్కకు తప్పుకుని, నెమ్మదిగా, ఏదో సామాను దాని చోట సర్దినట్టు, వలలోకి తోశాడు.

చప్పుడు లేదు. మా వాళ్లు కూడా అరవలేదు. ముత్తయ్య వానలోనే గొడుగు ముడిచేశాడు.

లచ్చయ్య బురదలోంచి లేచాడు. నోట్లో బురద ఉమ్మేసి, మైదానం ఆ చివర దాకా వినపడేలా అన్నాడు.

"కండ్లు కనపడతలేవా బావా? మొఖమంతా బురద కొడితివి. ఆగు, మా చెల్లె నీ మొఖానికి పేడ పూయకపోతే నన్నడుగు."

సంత ఘొల్లుమంది. జనం ఎందుకు నవ్వారో మావాళ్లకు మాత్రం తెలియలేదు. ఆ ఊళ్లో లమ్సేనను పెళ్లయ్యేదాకా పేరు పెట్టే పిలుస్తారు. బావ అని ఎవరూ అనరు, అలా సరసమాడరు. బురద కొట్టడం, పేడ పూయడం, తిట్టడం బావ మీద బావమరుదులకూ మరదళ్లకూ ఉండే హక్కు. ఇంటి కొడుకే సంతలో అందరి ముందు ఆ హక్కు వాడుకున్నాడు. నోరు జారిందని లచ్చయ్య తరువాత ప్రమాణం చేశాడు. నేను నమ్మను.

ముత్తయ్య నేరుగా మైదానంలోకి నడిచాడు. రిఫరీ విజిల్ వేసి, అది తన పని కాదని గ్రహించి జేబులో వేసుకున్నాడు.

"ఏమన్నవురా?" అని కొడుకును అడిగాడు ముత్తయ్య.

"ఏమంటి? గోలు కొట్టె గదా, అందుకు తిడితి."

ముత్తయ్య జోగను చూశాడు. మైదానం పక్క గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. చుట్టూ చేరిన జనాన్ని చూశాడు.

"పనోడు ఇంటి మీద గోలు కొట్టడు," అన్నాడు ఆఖరికి. "అల్లుడైతే కొడతడు. ఇగ నేను చేసేదేముంది, ఊరంతా విన్నరు."

అప్పుడు అరిచారు మా వాళ్లు. సుబ్బరాజు గారు జోగను ఎత్తుకోబోయి నడుము పట్టేసి ఆగిపోయాడు. ముత్తయ్య ఆయన భుజం మీద గొడుగు కొనతో తట్టాడు.

"ఠేకేదారూ, దిగువ మడి మిగిలింది. అల్లునితోని నాటు ఏయిస్తే ఊళ్లె నా మొఖాన ఉమ్ముతరు. రేపు పొద్దున తమ్ములను తోలుకరా. నువ్వు తప్పకుండ రా."

ఆ మరుసటి ఏడాది నుంచి లీగ్ కోతలయ్యాక పెట్టాం. సుబ్బరాజు గారు అది తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను. ఆయనకు ఆ హక్కు వచ్చింది.

కిష్టారం ఆట మర్నాడు తెల్లారేసరికి లీగ్ విజేతలందరూ ముత్తయ్య దిగువ మడిలో నడుములు వంచి ఉన్నారు. ఉతకడానికి టైము లేక జట్టు చొక్కాలే తొడుక్కున్నారు. ముందు సుబ్బరాజు గారు, ఆయన వెనక గోలీ, వాడి వెనక నేను. జోగ గట్టు మీద ఆకు పరుచుకుని కూర్చున్నాడు. లచ్చయ్య తిట్టుకుంటూ వాడికి అంబలి పోస్తున్నాడు. సుక్కి మా వరస చూసి, మూడో వాడి మొక్కలు వంకర పోతున్నాయని కేకేసింది. మూడో వాణ్ణి నేనే. జోగ తిండి ఆపి లేవబోయాడు, సాయం చేద్దామని.

"కూసో," అన్నాడు ముత్తయ్య. "అల్లునివి."